టీకి పిలిస్తే అన్నం తినేసి వెళ్ళాను

"ఇంగ్లండ్ వెళ్తున్నాం. ఇంగ్లీషు వాళ్ళ మాట తీరు, మర్యాదలు, ఆచారాల మీద వచ్చే పుస్తకాలు ముందే చదివి వెళ్తే పనికొస్తాయా? ఏది చదవమంటారు?" అని అడిగారు. చదవండి. కాకపోతే అక్కడికి వెళ్ళి ఆర్నెల్లు ఉన్నాక చదవండి. ముందే చదివి వెళ్ళిన నేను ఒక పెద్దావిడ మనసు కష్టపెట్టాను. ఇవాళ్టికీ గుర్తొస్తే బాధేస్తుంది, అందుకే వివరంగా చెబుతాను.

మావారి ప్రాజెక్టు పని మీద 2012లో హడర్స్‌ఫీల్డ్ వెళ్ళాం. యార్క్‌షైర్‌లో ఊరు, ఒకప్పుడు ఉన్ని బట్టల మిల్లులకు పెట్టింది పేరు. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్ళు. బయల్దేరే ముందు నాకు ఒకటే టెన్షన్, ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే చోట ఇంగ్లీషు మర్యాదల మీద ఒకటి దొరికితే కొని, పరీక్షకు చదివినట్టు చదివాను. టీ అంటే సాయంత్రం నాలుగింటికి కేకు, చిన్న చిన్న శాండ్‌విచ్‌లు. డిన్నర్ అంటే రాత్రి భోజనం. ఆ పుస్తకంలో అలా ఉంది, నేను అలాగే నమ్మాను.

మా పక్కింట్లో డెబ్బై దాటిన ఆవిడ ఒక్కరే ఉండేవారు. మనం "అమ్మా" అన్నట్టు ప్రతి మాటకీ చివర "లవ్" అనేవారు. ఆ ఊళ్ళో బస్సు డ్రైవరూ అంతే, కూరగాయల కొట్టావిడా అంతే. మొదట్లో ఇబ్బందిగా ఉండేది గానీ, అందులో ఉన్న ఆప్యాయత అర్థమయ్యాక వినకపోతే వెలితిగా అనిపించేది. నవంబరులో ఒకరోజు ఆవిడ గోడ అవతల నుంచి, "గురువారం ఐదున్నరకి టీకి రా లవ్, పాపనీ తీసుకురా" అన్నారు.

గురువారం నాలుగున్నరకల్లా కుక్కర్ దించి, ముద్దపప్పులో ఆవకాయ కలిపి పాపకి తినిపించి, నేనూ తిన్నాను. పరాయి ఇంట్లో పిల్ల ఆకలంటే బాగుండదు కదా. అది తింటూ అడిగింది, "టీకి వెళ్తున్నాం కదమ్మా, మళ్ళీ అన్నం ఎందుకు?" అని. "టీకి కడుపు నిండుతుందా?" అని ఇంకో ముద్ద పెట్టాను.

ఆవిడ తలుపు తీయగానే వేడి వెన్న వాసన. బల్ల మీద ఇస్త్రీ చేసిన గుడ్డ, మూడు పళ్ళేలు, పక్కన కత్తులు, ఫోర్కులు. మధ్యలో పెద్ద పింగాణీ గిన్నెలో చీజూ ఉల్లిపాయా పెట్టి చేసిన "పై", అంటే పిండి పొరలో కూరి కాల్చే వంటకం. అంచు చుట్టూ వేలితో నొక్కిన గుర్తులు, మనం కజ్జికాయ అంచు నొక్కినట్టు. ఉడికించిన బఠాణీలు, వెనిగర్‌లో ఊరవేసిన బీట్‌రూట్, వెన్న రాసిన బ్రెడ్డు. మేం మాంసం తినమని ఎప్పుడో మాటల్లో చెప్పింది గుర్తుపెట్టుకుని చేశారు ఆ పై. మొహమాటానికి నేను ఒక చిన్న ముక్క తిన్నాను, పాప ఫోర్కు కూడా ముట్టుకోలేదు. "మేం తినేసి వచ్చామండీ" అని చెప్పాల్సి వచ్చింది. "నాట్ టు వర్రీ, లవ్" అన్నారావిడ. మిగిలిన పై మీద అల్యూమినియం కాగితం కప్పి, దాని అంచులు చుట్టూ తిప్పి తిప్పి చాలాసేపు నొక్కుతూనే ఉన్నారు. ఆ చేతుల వైపు చూడలేకపోయాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి చెప్పింది. స్కూల్లో మధ్యాహ్నం తినేది డిన్నరట, వడ్డించే ఆంటీ డిన్నర్ లేడీ అట, రాత్రి ఇంట్లో తినేది టీ అట. రెండు నెలలు స్కూలుకెళ్ళిన పిల్లకి తెలిసింది నేను అంత శ్రద్ధగా చదివిన పుస్తకంలో లేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, ముందురోజు పెట్టకుండానే ఉండిపోయిన పార్కిన్ కోసి పెట్టారు. ఓట్స్ పిండి, అల్లం, నల్లటి ట్రీకిల్ పాకంతో నవంబరులో అక్కడివాళ్ళు చేసుకునే కేకు అది. నోట్లో పెట్టుకుంటే అచ్చం అల్లం వేసిన బెల్లం పాకం రుచి. అది తింటుంటే వాళ్ళ మిల్లు సంగతులు చెప్పారు. నేసిన గుడ్డ మీద వేళ్ళతో తడిమి ముడులు తీయడం, తెగిన పోగులు సూదితో కలపడం ఆవిడ పని. మధ్యాహ్నం మిల్లు ఆపినప్పుడు తినేది డిన్నర్. సాయంత్రం ఇంటికొచ్చి, కెటిల్ పొయ్యి మీద పెట్టి, ఆ టీతో పాటు వేడివేడిగా తినేదే టీ.

ఆ తర్వాత లైబ్రరీకి వెళ్ళి కూర్చుని చదివాను. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో అందరికీ డిన్నర్ పట్టపగలే. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో డబ్బున్నవాళ్ళు దాన్ని ఆలస్యం చేసుకుంటూ చేసుకుంటూ రాత్రికి తీసుకెళ్ళారు. మధ్యలో ఆకలికి లంచ్ వచ్చింది, ఇంకొంచెం ఆకలికి నాలుగింటి టీ వచ్చింది. పనికెళ్ళేవాళ్ళు మాత్రం పాత మాటే ఉంచుకున్నారు. అంటే హడర్స్‌ఫీల్డ్ ఆవిడ మాట తప్పు కాదు, అదే పాత మాట. మర్యాద పుస్తకాలు ఈ సంగతి వదిలేసి, లండన్‌లో పెద్దింటివాళ్ళ గదిలో ఏం జరుగుతుందో అదే ఇంగ్లండ్ అని మనకి అమ్ముతాయి. నా గట్టి కోపం దాని మీదే.

మాటని బట్టి మనిషి అంతస్తు లెక్కకట్టే జబ్బు అక్కడ చాలా ముదిరింది. బర్మింగ్‌హామ్‌లో భాషాశాస్త్రం చెప్పిన అలన్ రాస్ 1954లో దీని మీద ఒక వ్యాసం రాస్తే, నాన్సీ మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి దాన్ని జనంలోకి తీసుకొచ్చారు. చెయ్యి తుడుచుకునే గుడ్డని నాప్కిన్ అంటే పెద్దింటి మనిషి, సర్వియెట్ అంటే కాదు. టాయ్‌లెట్ అన్నా కాదు, లావెటరీ అనాలి. మన దగ్గరా కూడు, బువ్వ, అన్నం, భోజనం అనే మాటల మధ్య ఇలాంటి మెట్లే కట్టారు కాబట్టి ఆ నొప్పి నాకు తేలిగ్గానే అర్థమైంది.

పేరు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను, కేట్ ఫాక్స్ 2004లో వేసిన "వాచింగ్ ది ఇంగ్లిష్" పుస్తకం చదవండి. ఆవిడ మానవశాస్త్రవేత్త, స్వయంగా ఇంగ్లీషు మనిషి. నడిచేవాళ్ళకి కావాలని తగిలి, ఎంతమంది తిరిగి తనకే సారీ చెబుతారో లెక్కపెట్టిన మనిషి. బయటివాళ్ళ చూపు కావాలంటే హంగేరీ నుంచి 1938లో లండన్ వచ్చిన జార్జ్ మికెష్ రాసిన "హౌ టు బి యాన్ ఏలియన్" ఉంది. పరాయి దేశంలో నిలదొక్కుకున్న మనిషి కాబట్టి మనకి దగ్గరగా అనిపిస్తారు.

అమీర్‌పేటలో ఇంగ్లీషు నేర్పే చోట్ల మాత్రం ఇప్పటికీ "హౌ డు యు డు" వల్లె వేయిస్తున్నారు. మూడేళ్ళలో నాకది ఒక్కసారీ వినపడలేదు. మా వీధిలో "ఆల్ రైట్?" అనేవాళ్ళు, దానికి జవాబు కూడా "ఆల్ రైట్" అనే. అక్కడ నేర్పేవాళ్ళే తెలుగులో ప్లీజ్ లేదు, థాంక్యూ లేదు, మనకి మర్యాదే తెలియదు అంటుంటారు. "కాస్త మంచినీళ్ళివ్వమ్మా" అంటే ఆ "కాస్త"లో లేదా మర్యాద, ఆ "అమ్మా"లో లేదా? "ఇవ్వండి" అనే మాటలోనే ఉంది. కడుపునిండా పెట్టినవాళ్ళని "చల్లగా ఉండు తల్లీ" అనే పెద్దవాళ్ళున్న ఇంట్లో పుట్టాను నేను. ఐదేళ్ళ పిల్ల సొంత అమ్మకి గ్లాసు గ్లాసుకీ థాంక్యూ చెప్పాలని పట్టుబట్టడం నాకు నచ్చదు.

ఆఫీసు ఉత్తరాల్లో మనవాళ్ళు "డు ద నీడ్‌ఫుల్", అంటే కావలసింది చేయండి అని రాస్తే వెక్కిరిస్తారు చూడండి, అదీ అంతే. ఆ మాట ఇంగ్లీషు దొరలు వాడి, మన ఆఫీసులకి అలవాటు చేసి వెళ్ళిందే. వాళ్ళు మన పందికొక్కుని బ్యాండికూట్ చేసుకుని నిఘంటువులో పెట్టుకున్నారు, ఆస్ట్రేలియాలో ఇంకో జంతువుకి కూడా ఆ పేరే పెట్టారు. దానికి ఎవరూ నవ్వలేదు.

తర్వాతి గురువారం ఆవిడని నేను టీకి పిలిచాను. సరిగ్గా ఐదున్నరకి పూలగుత్తితో వచ్చారు. పులిహోర, బంగాళాదుంప వేపుడు, గడ్డపెరుగు పెట్టాను. పులిహోరలో పల్లీలు ఒక్కొక్కటే ఏరి చివరికి దాచుకుని తిన్నారు, మా అమ్మాయి కూడా అలాగే తింటుంది.

మీరు వెళ్ళేది ఏ ఊరో రాయలేదు. ఉత్తరాదికైతే, ఎవరైనా ఐదూ ఆరింటి మధ్య టీకి రమ్మంటే ఆకలితో వెళ్ళండి. స్కూలుకెళ్ళే పిల్లలుంటే ముందు వాళ్ళని అడగండి.