ఒంట్లో కణాలు కొత్తవైతే ముసలితనం ఎందుకొస్తుంది?

ప్రశ్న: అనంతపురంలో మా పాప బడి నుంచి తెచ్చిన పొడుపు: "అవ్వకు 80 ఏళ్లు, అవ్వ నెత్తురుకు 4 నెలలు. మరి అవ్వ ఎందుకు ముసలిదైంది?"

జవాబు: లెక్క నిజమే. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులే బతుకుతుంది. పేగు లోపలి పొర కణాలైతే చాలావరకు వారం కూడా ఉండవు. కానీ అన్నీ మారవు. మెదడు పైపొరలోని నాడీకణాలు చాలావరకు పుట్టినప్పటివే. కంటి కటకం నడిమి భాగం అవ్వ తన తల్లి కడుపులో ఉండగానే తయారైంది. మన సీమ ఎండ ఇన్నేళ్లూ దాని మీద పడింది. శుక్లాలకు అదీ ఒక కారణం.

అసలు తమాషా కొత్త కణాల్లోనే ఉంది. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు, విభజన జరిగేకొద్దీ డీఎన్‌ఏలో తప్పులు పోగవుతాయి. డీఎన్‌ఏను మోసే క్రోమోజోముల కొసలు, అంటే టెలోమియర్లు, పొట్టివవుతాయి; మరీ పొట్టివైతే కణం విభజన ఆపేస్తుంది. మామూలు మనిషి కణాలు ల్యాబులో 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు 1961లో చూపించారు. మధ్యలో ఫ్రీజర్‌లో ఏళ్లతరబడి ఉంచి తీసినా, అవి ఆగినచోటి నుంచే లెక్క కొనసాగిస్తాయి. కణం చూసుకునేది క్యాలెండరు కాదు, విభజనలు.

అలాగని నెపమంతా టెలోమియర్ల మీదే వేస్తే ఒప్పుకోను. మెదడులోని నాడీకణాలు విభజనే చెందవు, అయినా ముసలివవుతాయి కదా!