పెన్నా వంతెన మీద ఆ మాత్రలు పారేయించకు

దర్గామిట్ట, నెల్లూరు

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివాను. కనిగిరి పెద్దాయన మంచం పట్టె మీద కూర్చుని తన మోకాలిని తనే రెండు చేతులతో వంచుకునే చోటు చాలా బాగుంది. అక్కడ ఒక్క మాట కూడా కదపొద్దు.

నా పేచీ అంతా చివరి పేజీతోనే. కొడుకు ఇంటికని నెల్లూరు వచ్చిన ఆయన పెన్నా వంతెన మీద ఆటో ఆపించి, కాళ్ళ బిగుతుకని రెండేళ్ళుగా మింగుతున్న బాక్లోఫెన్ మాత్రలన్నీ నీళ్ళల్లోకి విసిరేస్తాడు. "ఇక నా ఒళ్ళు నాది" అంటాడు, కథ అయిపోతుంది. చదివేవాళ్ళు చప్పట్లు కొడతారు కూడా. కానీ మర్నాడు ఏమవుతుందో నువ్వు ఆలోచించలేదు. కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఆయన కాళ్ళు మునుపటికంటే ఎక్కువగా బిగుసుకుంటాయి. జ్వరం రావచ్చు. లేని మనుషులు కనపడొచ్చు, పోయినవాళ్ళతో మాట్లాడొచ్చు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. మాత్రలు పారేసిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు కదా! చివరికి 108లో ఆస్పత్రికి తీసుకెళ్తే, "ఏం మందులు వాడుతున్నాడు?" అని డాక్టరు మొదట అడిగే ప్రశ్నకు జవాబు పెన్నాలో ఉంటుంది.

బాక్లోఫెన్‌ని కండరాల మందు అంటాం గానీ అది పనిచేసేది ముఖ్యంగా వెన్నుపాములో. అక్కడి నరాల ఉద్రేకాన్ని అణచిపెడుతుంది. నెలల తరబడి వాడితే ఒళ్ళు ఆ అణిచివేతకు అలవాటుపడిపోతుంది. ఒక్కసారిగా తీసేస్తే అణిగివున్నదంతా పైకి లేస్తుంది. 1962లో స్విట్జర్లాండ్‌లో సీబా అనే మందుల కంపెనీ దీన్ని తయారుచేసింది మూర్ఛ కోసం, అంటే ఫిట్స్ కోసం. మూర్ఛకు పెద్దగా పనిచేయలేదు, కాళ్ళ బిగుతుకు పనికొచ్చింది. అదే మందును ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు! కథకుడివి, ఇలాంటివి వదులుకోకు.

అయినా మాత్రలు మానాలన్న పెద్దాయన కోరికను తప్పుపట్టడం లేదు. ఆ కోరికకు నువ్వు కారణం చూపించలేదు, అంతే. పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు 1970 దాకా మన నెల్లూరు జిల్లాలోవే. దేశంలో ఫ్లోరైడ్ జబ్బును మొదట గుర్తించింది కూడా అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాళ్ళల్లో కొందరికి వెన్నెముకలో ఎముక పెరిగి, వెన్నుపామును నొక్కి, కాళ్ళు బిగుసుకుపోతాయి. మాత్ర బిగుతును తగ్గిస్తుందే గానీ పెరిగిన ఎముకను కరిగించదు. పైగా కాళ్ళల్లో బలం పోయిన కొందరు నిలబడగలిగేది ఆ బిగుతు ఆసరాతోనే. మాత్ర పడ్డాక కాళ్ళు మెత్తబడి, గడప దాటబోయి కూలబడతారు. పగలంతా మత్తు సరేసరి. ఆయన మాత్రలు వద్దనడానికి ఇంతకంటే న్యాయమైన కారణం ఏం కావాలి? "ఒళ్ళు నాది" అనే డైలాగు తీసేసి, ఆ గడప దగ్గర పడటం రాయి. ఆ మాటే డాక్టరు ముందు చెప్పించు. విని మోతాదు తగ్గించాల్సింది డాక్టరే.

ఇంకొకటి. మన మెడికల్ షాపుల్లో ఆరు మాత్రలు చాలంటే స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోవచ్చు. పెద్దాయన జేబులో ఉండేది ఉత్త వెండి రేకు. "తెల్ల బిళ్ళ, మూడు పూటలా" అనడం తప్ప ఆయనకేం తెలుస్తుంది? నిజానికి మందు హఠాత్తుగా ఆగిపోయేది చాలాసార్లు ఇలాగే. తిరపతి ప్రయాణంలో సంచీ మర్చిపోతారు, షాపులో స్టాక్ ఉండదు, వేరే ఆపరేషన్‌కని ఆస్పత్రిలో చేరినప్పుడు ఈ మాత్రల సంగతి ఎవరూ చెప్పరు. వంతెన సీనుకంటే ఇది నమ్మబుద్ధవుతుంది.

సరిగ్గా మానడం ఎలా ఉంటుందంటే, చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉంటుంది. కొంచెం తగ్గిస్తారు, కొన్నాళ్ళు ఆగి చూస్తారు, మళ్ళీ కొంచెం. మామూలుగా కనీసం ఒకటి రెండు వారాలు, ఏళ్ళుగా వాడినవాళ్ళకు నెలలు కూడా. మధ్యలో బిగుతు మరీ పెరిగినా, కలవరింతలు మొదలైనా డాక్టరు పాత మోతాదుకు వెనక్కి తెచ్చి, ఇంకా నెమ్మదిగా దించుతారు. నీ కథలో ఆ కోడలు ఉంది చూడు, ఊరికే కాఫీలు ఇస్తూ తిరుగుతోంది, ఆమెకు పని చెప్పు. డాక్టరు సగం బిళ్ళ వేయమన్నాడు. ఆమె బ్లేడుతో కోస్తే ఒక సగం సరిగ్గా వస్తుంది, రెండోది పిండి అవుతుంది. ఆ పిండిని కాగితంలో మడిచి, ఇప్పుడిదెలా లెక్కపెట్టాలా అని నిలబడుతుంది. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో ఏం రాయాలో తెలియదు. మామకు, కోడలికి మధ్య నువ్వు రాయాలనుకున్న దగ్గరతనం అంతా అక్కడుంది.

కథలో మిల్లీగ్రాముల పట్టిక మాత్రం పెట్టకు. ఎవరో ఒకరు కాపీ కొట్టి ఇంట్లో వాడేస్తారు. కిడ్నీలు సరిగా లేనివాళ్ళకు లెక్కే వేరు, ఈ మందు చాలావరకు మూత్రంలోనే పోవాలి, పోకపోతే ఒంట్లో పేరుకుని మతి తప్పిస్తుంది. అలాగే "కండరాల మాత్ర" అని మొత్తానికి ఒక పేరు పెట్టి వదిలేయకు. నడుం పట్టేసిందని నాలుగైదు రోజులకు రాసేవాటికి సాధారణంగా ఇంత తతంగం ఉండదు. బిగుతుకే ఇచ్చే ఇంకో మందు టిజానిడిన్‌ని ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడి ఉన్నపళాన ఆపితే బీపీ, గుండె దడ పెరగొచ్చు. బిగుతుకు వాడే మరో మందు డయాజెపామ్‌ని చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపినా ఫిట్స్ ప్రమాదం ఉంది. పేరు రాయి, మందు రాసిన డాక్టర్ని కథలో ఉంచు.

తిరగరాసి, న్యూరాలజీ తెలిసిన డాక్టరు ఎవరికైనా ఒకసారి చూపించి, అప్పుడు నాకు పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, నా కళ్ళజోడు మారేలోపు ఇంత చిన్న అచ్చు చదవలేను.

ఆశీస్సులతో,
అన్న