పోస్టుమాన్ జేబులో రాయి

వెస్ట్ మాంబలం, చెన్నై

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు చేతిలో పెట్టుకుని చదివాను. ‘అద్భుతం’, ‘అబ్బురం’, ‘నమ్మశక్యం కాని’ అనే మాటలు మూడూ కలిపి పంతొమ్మిది చోట్ల వచ్చాయి. వాటన్నిటికీ సున్నాలు చుట్టి కాగితాలు వెనక్కి పంపుతున్నాను. నొచ్చుకోకమ్మా. నీ తెలుగు బాగుంది. నెల్లూరు వదిలి ఇక్కడికొచ్చి రెండేళ్ళయినా ఆ పలుకు చెడలేదు, దాన్ని కాపాడుకో. నా బాధ వేరే.

లోకంలోని పాతిక వింతల్ని నాలుగు పేజీల్లో చూపించావు. రద్దీ రోజున తిరుమలలో దర్శనంలా ఉంది. ‘జరగండి జరగండి’ అంటూ నెట్టేస్తుంటే స్వామిని చూశామో లేదో తెలియకముందే ప్రసాదం కౌంటరు దగ్గర తేలతాం. నీ పాతికలో ఒక్కదాని ముందైనా నన్ను కాసేపు నిలబడనివ్వలేదు నువ్వు.

ఆ ఫ్రెంచి పోస్టుమాన్నే తీసుకో. ‘ఫెర్దినాన్ షెవాల్ 33 ఏళ్ళు శ్రమించి రాళ్ళతో అద్భుతమైన కోట కట్టాడు’ అని రాసి ముందుకెళ్ళిపోయావు. తప్పేమీ లేదు. కానీ అందులో నాకు పోస్టుమానూ కనపడలేదు, రాయీ కనపడలేదు. అతను ఓతెరీవ్ అనే పల్లెలో ఉండేవాడు. రోజూ దాదాపు 30 కిలోమీటర్లు నడిచి ఉత్తరాలు పంచేవాడు. 1879 ఏప్రిల్లో ఒకరోజు దారిలో కాలికి రాయి తగిలి తూలిపడబోయాడు. అప్పటికతనికి నలభై మూడేళ్ళు. మనమైతే రాయిని తిట్టుకుని సాగిపోతాం. అతను వంగి చూశాడు, ఆకారం నచ్చింది, జేబులో వేసుకున్నాడు. మర్నాడు అదే చోటికి మళ్ళీ వెళితే ఇంకా మంచివి దొరికాయి. మొదట జేబులు, తర్వాత బుట్టలు, అవీ చాలక ఒంటిచక్రం తోపుడుబండి. పగలు ఉద్యోగం, రాత్రి దీపం పెట్టుకుని సున్నం, సిమెంటు కలిపి కట్టడం. తాపీపని నేర్పినవాళ్ళు లేరు. 1912లో ముగించి గోడమీద లెక్క చెక్కుకున్నాడు: 10,000 రోజులు, 93,000 గంటలు.

ఆ కట్టడం పడమటి గోడకి వెళితే అక్కడొక హిందూ దేవాలయం ఉంటుంది. పక్కనే మసీదు, స్విట్జర్లాండు కొండల్లోని ఇల్లు. వాటిలో దేన్నీ అతను వెళ్ళి చూడలేదు. తను పంచే పోస్టుకార్డుల మీదా, పత్రికల్లోనూ దేశదేశాల బొమ్మలు చూశాడు, అంతే. అమ్మాయ్, ఇక్కడ ఆగి ఆలోచించు. నువ్వు రాయాలనుకుంటున్నది సరిగ్గా అలాంటి కాగితమే. ఎక్కడో ఏ పత్రిక వాడో అచ్చేసిన మన గుడిబొమ్మ ఒక పల్లెటూరి పోస్టుమాన్ చేతికి చిక్కింది. ఆ బొమ్మ వేసినవాడికి అది ఎవరి కంట పడుతుందో తెలుసా? నీ వ్యాసమూ ఎవరి కంట పడుతుందో నీకు తెలియదు. కాబట్టి అందులో పట్టుకోవడానికి వీలైన వస్తువు ఉండాలి. రాయి బరువు, సున్నం తడి, దీపం వెలుగు ఉండాలి. ‘అబ్బురం’ అన్న మాటని ఎవరూ జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళలేరు.

చచ్చాక తన కట్టడంలోనే పూడ్చిపెట్టాలని షెవాల్ కోరుకున్నాడు, అధికారులు ఒప్పుకోలేదు. అప్పుడు ఊరి శ్మశానంలో ఇంకో ఎనిమిదేళ్ళు కూర్చుని తన సమాధి తనే కట్టుకున్నాడు. 1924లో పోయాడు. ఈ ముక్క నువ్వెందుకు వదిలేశావో నాకు అర్థం కాలేదు.

ఫోటోల సంగతి. తొలితరం ఫోటోగ్రాఫరు డాగేర్ 1838లో పారిస్ వీధిని తీసిన ఫోటోని ‘మనిషి కనిపించే తొలి ఫోటో’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆ వీధి పట్టపగలు అంత నిర్మానుష్యంగా ఎందుకుంది? అది నువ్వు అడగాల్సింది. నిజానికి బళ్ళూ గుర్రాలూ మనుషులూ తిరుగుతూనే ఉన్నారు. ఆ వెండిపూత పలకకి బొమ్మ పట్టడానికి నిమిషాలు పట్టేది. కదిలినవాళ్ళెవరూ దానిమీద నిలవలేదు. ఒకాయన మాత్రం బూట్లు తుడిపించుకోవడానికి కాలు ఎత్తిపెట్టి కదలకుండా నిలబడ్డాడు, మిగిలాడు. తుడిచేవాడు కూడా మసగ్గా కనిపిస్తాడు. ఇది తెలిశాక ఆ ఖాళీ వీధి నాకు మళ్ళీ ఎప్పుడూ ఖాళీగా కనిపించలేదు.

ఇంకోటి చెప్పాలి, ఇది నా అనుభవం. వయసులో ఉండగా లేపాక్షి వేలాడే స్తంభం గురించి ఒక పత్రికకి రాశాను. అప్పటికి నేను లేపాక్షి చూడలేదు. ఎవరో చెబితే విని, స్తంభం పూర్తిగా గాలిలో తేలుతోందని రాసేశాను. హిందూపురం నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు: ‘అయ్యా, మీరు నేలమీద కూర్చుని చూశారా?’ ఆ వారమే బెంగళూరు వెళ్ళి, అక్కడినుంచి బస్సు పట్టుకున్నాను. స్తంభం కిందుగా గుడ్డని ఇటునుంచి అటు లాగేవాళ్ళు లాగుతూనే ఉన్నారు. బండల మీద చెంప ఆనించి చూస్తే ఒక మూల రాయి నేలని తాకుతున్నట్టే కనిపించింది. అంతటి స్తంభం ఆ కాస్త ఆనికతో నిలబడి ఉండటం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. నేను కల్పించిన దానికన్నా ఉన్నదే గొప్పగా ఉంది. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇంగ్లండులో 1917లో ఇద్దరు ఆడపిల్లలు కాగితం బొమ్మలు కత్తిరించి, పిన్నులతో నిలబెట్టి, దేవకన్యలంటూ ఫోటోలు తీస్తే షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అంతటివాడు నమ్మాడు. అవి కాగితం ముక్కలని వాళ్ళు ఒప్పుకున్నది 1983లో. నువ్వు ఆ ఫోటోని ‘ఇప్పటికీ తేలని రహస్యం’ అన్నావు. ఆ పేరా తీసెయ్యి.

వింతలంటే పై దేశాలవే అనుకున్నట్టున్నావు, పాతికలో మనవి ఒక్కటీ లేదు. నువ్వుండే తరమణి నుంచి ఎగ్మోరు మ్యూజియం ఎంత దూరం? కృష్ణ ఒడ్డున అమరావతిలో స్తూపం రాళ్ళని సున్నం కోసం కాల్చేసుకున్న రోజులున్నాయి. మిగిలిన వాటిలో కొన్నిటిని కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించి మద్రాసు పంపాడు. పల్నాటి సున్నపురాళ్ళని తెల్లవాళ్ళు పాలరాళ్ళన్నారు. ఏళ్ళ తరబడి అవి ఈ ఊళ్ళో ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిశాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే ప్రభుత్వ ఫోటోగ్రాఫరు వాటిని ఒక్కొక్కటిగా ఫోటోలు తీశాడు. మరుసటేడే చాలా రాళ్ళు లండను ఓడ ఎక్కాయి. ఆ ట్రైపే తంజావూరు పెద్దగుడి పునాది చుట్టూ ఉన్న శాసనాన్ని కెమెరా జరుపుకుంటూ తీసి, 21 ముక్కలు అతికించి, సుమారు 19 అడుగుల ఒకే ఫోటోగా చేశాడు. దీన్ని నీ చేతుల్లో పెడుతున్నాను, నువ్వు రాయి. నాకు ఓపిక తగ్గింది.

కానీ దానికన్నా ముందు నిన్నొక రాయి దగ్గరికి తీసుకెళ్ళాలి. తర్వాతి తవ్వకాల్లో దొరికిన అమరావతి శిల్పాలు చాలా ఎగ్మోరు మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిలో ఒక గుండ్రటి ఫలకం మీద, బుద్ధుణ్ణి చంపడానికి వదిలిన నాళాగిరి ఏనుగు ఉంది. ఒక పక్క మదమెక్కి వీధిలో మనుషులమీద పడుతోంది. అదే ఏనుగు, అదే వలయంలో, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. పై కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. పారిస్ పలకమీద కదిలినవాళ్ళంతా చెరిగిపోయారని చెప్పాను కదా. మనవాడు కదిలే ఏనుగుని రెండుసార్లు చెక్కి రెండు క్షణాల్నీ నిలబెట్టాడు. దాని ముందు ఒక గంట నిలబడి, ఏం కనిపించిందో అదే రాయి. ఆ గంటలో నేను నీతో మాట్లాడను.

శనివారం మ్యూజియానికి రా. నేను మాంబలంలో లోకల్ ఎక్కి పదింటికల్లా టిక్కెట్ల కిటికీ దగ్గర ఉంటాను. గీతల్లేని నోటుబుక్కు తెచ్చుకో, ఏనుగుని గీసుకోవాలనిపించవచ్చు.

నీ శ్రేయోభిలాషి