బెర్తు పరీక్ష డెక్ కింద నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. విశాఖ హార్బర్‌లో ఓడలు ఆగే ఒక పాత బెర్తు ఎంత గట్టిగా ఉందో తేల్చే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఏయే పరికరాలు అద్దెకు తీసుకోవాలో అడిగావట. పరికరాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆటుపోట్ల పట్టిక సంపాదించు. మన తీరంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా అమావాస్య, పున్నములకు కూడా రెండు మీటర్ల లోపే. అయినా డెక్ (బెర్తు పై పలక) కింద బీముల దాకా తల తగలకుండా పడవలో వెళ్లాలంటే ఆ కాస్త తేడాయే ఆధారం. నీళ్లు వెనక్కి తీసిన ఆ రెండు మూడు గంటల చుట్టూనే నీ రోజు పని అల్లుకోవాలి. బెర్తులో ఓడ ఉంటే మాత్రం ఆ రోజు కిందికి వెళ్లనే వద్దు. ప్రొపెల్లర్ తిరిగితే నీళ్లు ఎలా ఎగదన్నుతాయో చూసినవాళ్లెవరూ ఆ సాహసం చేయరు.

మొదటి రోజు మీటర్లేవీ తీసుకుపోకు. మంచి టార్చి, సుద్దముక్క, చిన్న సుత్తి చాలు. బీము అడుగున సుత్తితో తడుతూ పో. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల ఊచ తుప్పుపట్టి ఉబ్బితే పైపొర విడిపోయి డొల్లగా మోగుతుంది. డొల్ల మోగినంత మేరా సుద్దతో గీత గీసి ఫొటో తీయి. ఊచ వెంబడి నిలువునా సాగిన పగులు, దాని అంచున కారిన గోధుమరంగు మరక, ఊడిన పెచ్చులు, ఇవన్నీ డ్రాయింగు మీదికి ఎక్కాలి. మీటర్లు ఎక్కడ పెట్టాలో ఆ డ్రాయింగే చెబుతుంది. అది లేకుండా గళ్లు గీసి అంకెలు నింపుకొచ్చేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల నివేదికలు బరువుగా ఉంటాయి, అంతే.

డెక్‌ను మోసే స్తంభం (పైలు) ఒక్కటే అయినా నిలువునా ఒకేలా పాడవదు. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండే భాగానికి ప్రాణవాయువు సరిగా అందదు కాబట్టి అక్కడ తుప్పు నెమ్మది. అలల తుంపర తడిసి ఆరే చోట ఉప్పూ గాలీ రెండూ దొరుకుతాయి. డెక్ బీముల అడుగు, పైలు తలలు తినేసేది అక్కడే. అందుకే ప్రతి అంకె పక్కన అది ఏ మండలంలో, అంటే మునిగే చోటా తుంపర పడే చోటా, తీసిందో రాయాలి. వేర్వేరు మండలాల అంకెలు కలిపి సగటు కట్టిన నివేదిక నా చేతికొస్తే మొదటి పేజీ దగ్గరే పక్కన పెడతాను.

ఊచకు తుప్పు పట్టే అవకాశాన్ని వోల్టుల్లో చూపే హాఫ్ సెల్ పరీక్షకు కాస్త ఎక్కువ సమయం కేటాయించు. ఒకచోట ఊచ మీది కాంక్రీటు పొరను (కవరు) తొలిచి ఊచకు తీగ బిగించాలి, ఊచను మెరిసేదాకా గీకిన తర్వాతే. దూరంగా ఉన్న ఇంకో ఊచకూ దీనికీ కరెంటు కలుస్తున్నదో లేదో ముందే చూసుకో. కలవకపోతే ఆ రెంటి మధ్య తీసిన రీడింగులన్నీ వృథా. తర్వాత కాంక్రీటును తడిపి, నీలి మైలుతుత్తం ద్రావణం నింపిన గొట్టాన్ని స్పాంజితో ఆనించి, వోల్టుమీటరులో అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. మైనస్ 200 మిల్లీవోల్టుల కన్నా తక్కువ రుణంలో ఉంటే తుప్పు లేదని, మైనస్ 350 దాటి ఇంకా రుణంలోకి పోతే తుప్పు నడుస్తోందని, రెండింటిలోనూ తొంభై శాతం నమ్మకంతో అనుకోవచ్చు. మధ్యలో ఉన్నదానికి తీర్పు లేదు.

ఇక్కడే మోసపోయేది. నీళ్లు నిండిన కాంక్రీటులో ప్రాణవాయువు అందక, తుప్పు పెద్దగా లేకపోయినా మీటరు మైనస్ 600, 700 చూపిస్తుంది. అది చూసి పైలు పోయిందని గగ్గోలు పెట్టకు. ఒంటరి అంకె కన్నా పక్కపక్క గళ్ల మధ్య ఉన్నట్టుండి వచ్చే తేడాను నమ్ము. పైగా ఈ పరీక్ష తుప్పు జరిగే అవకాశాన్నే చెబుతుంది తప్ప ఊచ ఎంత తరిగిందో చెప్పదు. అది తెలియాలంటే బాగా చెడిన చోట ఒకటి రెండు ఊచలు బయటపెట్టి క్యాలిపర్‌తో కొలవక తప్పదు.

కాంక్రీటుకు తగిలి ఎంత వెనక్కి ఎగిరిందో కొలిచే రీబౌండ్ హామర్ మీద అందరికీ మోజు. అది చెప్పేది పై రెండు మూడు సెంటీమీటర్ల సంగతే. పాత కాంక్రీటు పైపొర గాలికి గట్టిపడి అంకెను పెంచుతుంది, తడి తగ్గిస్తుంది, స్లాబు అడుగున పైకి కొడితే మళ్లీ పెరుగుతుంది. దాంతో బలం లెక్కకట్టి సంతకం పెట్టకు. అల్ట్రాసోనిక్ పరీక్ష దీనికన్నా నయం. మంచి కాంక్రీటులో శబ్ద తరంగం సెకనుకు సుమారు 4 కిలోమీటర్లు పోతుంది, 3 కన్నా తగ్గితే లోపల ఏదో ఉన్నట్టే. ఉక్కులో అది 6కు దగ్గరగా పరుగెడుతుంది. అందుకే ముందు కవర్ మీటర్‌తో ఊచలు ఎక్కడున్నాయో గుర్తించి వాటిని తప్పించాలి. బీముకు రెండు పక్కలా ప్రోబులు పెట్టి నేరుగా తీయి. ఒకే ముఖం మీద తీసిన రీడింగు బలహీనమైనది. కాంట్రాక్టర్లు ఇంకా పాత భారత ప్రమాణం ఐఎస్ 13311 పట్టికే చూపిస్తారు. ఇప్పుడు దాని స్థానంలో ఐఎస్ 516 ఐదో భాగం ఉంది, ఆ విభాగాలు నువ్వే తెప్పించుకో.

కొద్దిగా తొలవడానికి అనుమతి అడుగు. లోతు లోతుకూ విడివిడిగా పొడి తీసి క్లోరైడ్ పరీక్షకు పంపితే ఉప్పు ఊచ దాకా చేరిందో లేదో తెలుస్తుంది. సముద్రం పక్కన అసలు ముద్దాయి అదే. కాంక్రీటులో క్షారగుణం నిలిచి ఉందో లేదో చూపే ఫినాల్ఫ్తలీన్ చల్లితే గులాబీ రంగు వచ్చిందని సంబరపడితే ఉప్పు సంగతి మరుగున పడుతుంది.

ఆ బెర్తు పక్కన ఉక్కు షీట్ పైల్ గోడ (నేలలోకి దిగగొట్టిన ఉక్కు పలకల గోడ) ఉంటే, నీళ్లు బాగా తీసినప్పుడు బయటపడే మట్టం దగ్గర ప్రత్యేకంగా చూడు. నారింజరంగు మెత్తని పొర, దాని కింద నల్లని బురద కనిపిస్తే సూక్ష్మజీవులు ఉక్కును తింటున్నాయన్నమాట. నాచూ గుల్లలూ గీకేసి మందం కొలిపించు. పెయింటు ఉంటే దాని మందాన్ని కలపని మీటరే అడుగు. డైవర్‌కు ‘చూసి రా’ అని చెప్పి పంపకు. ఏ పైలు, ఏ మట్టం, ఎన్ని పాయింట్లు అన్నది పలక మీద రాసి ఇచ్చి పంపు.

బెర్తు మీద సరుకు దించే చదును నేల (అప్రాన్) కింద మట్టి జారి బోలు పడిందేమోనని రాడార్ తెప్పిస్తారు. పైన బాగానే పనిచేస్తుంది. ఉప్పునీరు తగిలిన మట్టం కింద దానికి కళ్లుండవు.

పైళ్లకు నంబర్లు మీ ఇష్టం వచ్చినట్టు వేయకండి, అసలు డ్రాయింగులో ఉన్నవే వాడండి. రీడింగు తీసిన చోట చెరగని గుర్తు పెట్టండి. అయిదేళ్ల తర్వాత వచ్చేవాళ్లు సరిగ్గా అదే చోట మళ్లీ కొలవగలిగితేనే మీ అంకెలకు విలువ. ముసాయిదా తయారయ్యాక నాకు పంపు. పట్టికలు తర్వాత చూస్తాను, సుద్దగీతల డ్రాయింగు మాత్రం ముందు పంపు.

పెదనాన్న