పాఠకుల ప్రశ్నలు: నమూనా రైలుమార్గంలో డిజిటల్ పాయింట్ మోటార్లు

ప్రశ్న: మా అబ్బాయీ నేనూ కలిసి ఓఓ కొలతలో (అసలు రైలులో సుమారు 76వ వంతు ఉండే నమూనా) ఒక చిన్న స్టేషన్ కడుతున్నాం. ఆరు పాయింట్లకు, అంటే రైలును ఒక దారి నుంచి మరో దారికి మళ్లించే పట్టాలకు, డీకోడర్ (ఆజ్ఞను అర్థం చేసుకునే చిన్న సర్క్యూట్) లోపలే ఉండే డిజిటల్ మోటార్లు బిగించాం. ఒక నంబరు నొక్కితే ఆరూ ఒకేసారి కదులుతున్నాయి. పైగా, పాయింటు తప్పు దారికి ఉన్నప్పుడు ఇంజను దాని మీదికి వస్తే సరఫరా మొత్తం ఆగిపోతోంది. అప్పుడు పాయింటును మారుద్దామన్నా మోటారు కదలదు. ఇంజనుకూ పాయింటుకూ 3 అనే నంబరే ఇవ్వడం ఇందుకు కారణమా?
– ఒక పాఠకుడు, లెస్టర్, ఇంగ్లండ్

సమాధానం: మీ చివరి సందేహాన్ని ముందుగా తీరుస్తాను. డీసీసీ (పట్టాల వైర్ల గుండానే కరెంటుతో పాటు డిజిటల్ ఆజ్ఞలనూ పంపే) పద్ధతిలో ఇంజన్లకు వెళ్లే ఆజ్ఞల రూపం వేరు, పాయింట్ల వంటి ఉపకరణాలకు వెళ్లే ఆజ్ఞల రూపం వేరు. కాబట్టి 3వ నంబరు ఇంజనూ 3వ నంబరు పాయింటూ ఒకే బల్ల మీద నిశ్చింతగా ఉండవచ్చు.

ఆరూ ఒకేసారి కదలడానికి కారణం సులభమైనదే. ఇటువంటి మోటార్లు సాధారణంగా ఫ్యాక్టరీ నుంచి ఒకే నంబరుతో వస్తాయి. వాటన్నిటినీ వైర్లకు కలిపి, అన్నిటి స్విచ్‌లనూ 'సెట్' వైపు ఉంచి నంబరు పంపితే, ఆ నంబరును ఆరూ నేర్చుకుంటాయి. అందువల్ల ఒక మోటారును మాత్రమే 'సెట్'లో ఉంచండి. కంట్రోలర్‌లో ఇంజను నడిపే తెర నుంచి ఉపకరణాల తెరకు మారి, ఆ మోటారుకు ఇవ్వదలచిన నంబరుతో పాయింటు ఆజ్ఞ పంపండి. మోటారు స్పందించిన తరువాత స్విచ్‌ను 'రన్' వైపు జరిపి, అప్పుడు రెండవదాని దగ్గరకు వెళ్లండి. కొన్ని నంబర్లను తయారీదారులు దిశను తిప్పడం, మోటారు చేతిని (అటూ ఇటూ ఊగే కడ్డీని) మధ్యకు తేవడం వంటి ప్రత్యేక పనులకు కేటాయించి ఉంచుతారు గనుక మోటారుతో వచ్చిన కాగితాన్ని ఒకసారి చదవండి. నంబరు ఇచ్చిన వెంటనే దానిని బల్ల అడుగున, మోటారు పక్కనే పెన్నుతో రాసి పెట్టండి. ఆరు నెలల తరువాత బల్ల కింద వెల్లకిలా పడుకొని టార్చిలైటు పట్టుకొని వెతికేటప్పుడు ఆ అంకె విలువ తెలుస్తుంది.

ఇక మీరు రాసినవాటిలో అసలు సమస్య సరఫరా ఆగిపోవడం. మీ పాయింట్లలో ఫ్రాగ్, అంటే రెండు దారుల పట్టాలు ఒకదానినొకటి దాటే మొన, లోహంతో చేసినదై విద్యుత్తు ప్రవహించేది అయి ఉండాలి. పాయింటు ఏ దారికి ఉంటే ఆ దారికి తగిన ధ్రువం ఆ మొనకు అందుతుంది. తప్పు దారి నుంచి వచ్చిన ఇంజను చక్రం, ఒక ధ్రువంలో ఉన్న పట్టానూ దానికి వ్యతిరేక ధ్రువంలో ఉన్న ఫ్రాగ్‌నూ కలిపివేస్తుంది. అది షార్ట్. కంట్రోలర్ తనను తాను కాపాడుకోవడానికి సరఫరాను కత్తిరిస్తుంది, అది చేయవలసిన పనే. అయితే మీ మోటార్లకు కరెంటూ ఆజ్ఞా రెండూ అవే పట్టాల వైర్ల నుంచి వస్తున్నాయి కనుక, పాయింటును సరిచేస్తే తప్ప షార్ట్ పోదు, షార్ట్ పోతే తప్ప పాయింటు కదలదు. చివరికి చేత్తో ఇంజనును ఎత్తవలసి వస్తుంది.

దీనికి విరుగుడు పాయింట్ మోటార్లకు వేరే బస్ వైరు జత, అంటే బల్ల పొడవునా సరఫరాను మోసే రెండు ప్రధాన వైర్లు, వేయడం. కంట్రోలర్ నుంచి వచ్చే రెండు వైర్లను మొదట్లోనే రెండు జతలుగా చీల్చండి. ఒక జత నేరుగా మోటార్లకు వెళ్లాలి. మరొక జత డీసీసీ కోసమే తయారైన ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకర్ గుండా పట్టాలకు వెళ్లాలి. బ్రేకర్ తెగే ఆంపియర్ల పరిమితి కంట్రోలర్ పరిమితి కంటే తక్కువగా, తెగే వేగం దానికంటే ఎక్కువగా ఉండేలా అమర్చడం తప్పనిసరి. లేకపోతే కంట్రోలరే ముందుగా ఆగిపోయి, మీరు వేసిన రెండో జత నిరుపయోగమవుతుంది. సరిగా అమర్చినప్పుడు షార్ట్ వచ్చినా పట్టాలకు మాత్రమే సరఫరా పోతుంది. మోటారుకు ఆజ్ఞ అందుతుంది, పాయింటు సరైన దారికి మారుతుంది, ఫ్రాగ్ ధ్రువం కూడా మారుతుంది, ఇంజను తనంతట తానే కదులుతుంది. నెమ్మదిగా తిరిగే మోటారు తీసుకునేది కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లే కనుక ఆరింటికి ప్రత్యేక బూస్టర్ (అదనపు కరెంటు అందించే పరికరం) అక్కరలేదు.

ఫ్రాగ్ ధ్రువాన్ని కదిలే పట్టా అంచు తాకిడికి వదిలిపెట్టవద్దని కూడా చెప్పాలి. ధూళి పడితే ఆ తాకిడి నమ్మదగినది కాదు. మోటారులోపలి మూడు కొనల స్విచ్‌లో మధ్య కొనను ఫ్రాగ్‌కు, మిగిలిన రెంటినీ రెండు పట్టాల వైర్లకు కలపండి. ఈ రెండు వైర్లను పట్టాల బస్ నుంచే, అంటే బ్రేకర్ దాటిన తరువాతి వైపు నుంచే తీసుకోవాలి. మోటార్ల జత నుంచి తీసుకుంటే షార్ట్ అటునుంచి పాకి మీ శ్రమ అంతా వృథా అవుతుంది. ఫ్రాగ్ తరువాత లోపలి రెండు పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు (పట్టాలను కలుపుతూనే విద్యుత్తును ఆపేవి) ఉన్నాయో లేదో చూడండి. అన్నీ సరిగానే ఉండి, సరైన దారిలో వచ్చిన ఇంజనుకూ షార్ట్ వస్తుంటే ఆ స్విచ్ చివరి రెండు వైర్లను అటుదిటుగా మార్చడమే మిగిలిన పని.

ప్రశ్న: విదేశంలో ఉన్న మిత్రుడు తన దగ్గర 1 నుంచి 4 వరకు నంబర్లు ఇచ్చి పంపిన డీకోడర్, నా రోకో కంపెనీ కంట్రోలర్‌లో 1 నొక్కితే పలకడం లేదు, 5 నొక్కితే మొదటి పాయింటు కదులుతోంది. డీకోడర్ చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: చెడిపోలేదు. ఉపకరణాల డీకోడర్లకు నంబర్లు నాలుగేసి పాయింట్ల గుంపులుగా ఉంటాయి. మొదటి గుంపును సున్నాగా లెక్కించాలా, ఒకటిగా లెక్కించాలా అన్నదానిపై తయారీదారులందరూ మొదట ఒకే మాట మీద లేరు. అందుకే ఒక పద్ధతిలోని 1 మరొక పద్ధతిలో 5 అవుతుంది. మీ కంట్రోలర్ నుంచే నంబర్లను మళ్లీ నేర్పించండి, తేడా అక్కడితో పోతుంది.

ప్రశ్న: రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మా పాయింట్ మెషీన్ పని పూర్తిచేసినట్లు తిరిగి సమాచారం ఇచ్చేది. ఈ డిజిటల్ మోటార్లలో, చేతిలోని తెర మీద కనిపించే గుర్తును నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

సమాధానం: మీ అనుభవం నుంచి వచ్చిన ఈ ప్రశ్నను ప్రతి నమూనా రైలు నిర్మాతా వేసుకోవాలని నా కోరిక. 110 వోల్టుల డీసీతో నడిచే మన పాయింట్ మెషీన్‌లో, కదిలే పట్టా పక్క పట్టాకు అంటుకొని తాళం పడినట్లు రుజువైతేనే సిగ్నల్ దారి ఇస్తుంది. నమూనాలో అలా ఉండదు. సాధారణ డీసీసీ ఆజ్ఞ ఒకవైపే వెళుతుంది. తెర మీద కనిపించేది మీరు పంపిన ఆజ్ఞే, పాయింటు నిజంగా ఉన్న స్థితి కాదు.

మోటారులో అదనపు స్విచ్ ఉంటే దానిని ఫీడ్‌బ్యాక్ పరికరానికి (స్థితిని కంట్రోలర్‌కు తిరిగి తెలిపేదానికి) గానీ, చిన్న ఎల్‌ఈడీలకు గానీ కలపవచ్చు. కానీ ఆ స్విచ్ చెప్పేది మోటారు చెయ్యి తిరిగిందని మాత్రమే. దానికీ పట్టాకూ మధ్య ఉన్న స్ప్రింగ్ తీగ వంగిపోయినా, రాతి పొడి రేణువు అడ్డుపడినా పట్టా అంటుకోదు, ఎల్‌ఈడీ మాత్రం వెలుగుతుంది. అందుకని బిగించేటప్పుడే జాగ్రత్త అవసరం. మోటారు చేతిని మధ్యకు తెచ్చి, కదిలే పట్టాలనూ మధ్యలో నిలిపి, మొదట రెండువైపుల అంటుకునే టేపుతో ఉంచి చూడండి. పట్టాలు రెండు వైపులా సమానమైన ఒత్తిడితో అంటుకున్న తరువాతే స్క్రూలు వేయండి. బల్ల మందంగా ఉంటే మోటారుతో ఇచ్చిన సన్నని తీగ మెత్తగా వంగుతుంది, దాని స్థానంలో కాస్త లావు తీగ వాడండి. పాయింటులో తయారీదారు పెట్టిన చిన్న స్ప్రింగ్, నెమ్మదిగా తిరిగే మోటారు కదలికకు అడ్డు తగులుతుంటే, మోటారు కాగితం అనుమతించిన చోట దానిని తీసివేయండి. ఆ తరువాత పాయింటును ఇరవై సార్లు అటూ ఇటూ మార్చి, ప్రతిసారీ పట్టా అంచు దగ్గర సన్నని కాగితపు ముక్క దూర్చి చూడండి. కాగితం దూరితే స్క్రూలు వదులు చేసి, మోటారును ఒక వెంట్రుకవాసి జరపండి.