అన్నం తినే దేశమే కదా అనుకోకు

బుజ్జీ,

ఆఫీసు పని మీద మూడు వారాలు ఒసాకా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. "జపాన్‌లో అందరూ అన్నమే తింటారుగా అక్కా, దీని తిండికి బెంగ లేదు" అని కూడా అంది. ఆ మాటకే ఈ ఉత్తరం. నీకున్న ఈ సీలియాక్, అదే గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ పడని జబ్బు, నాకు బయటపడ్డ కొత్తలోనే మీ పెదనాన్నకి అక్కడ ఉద్యోగం వచ్చింది. నేనూ అచ్చం అలాగే అనుకుని వెళ్లాను.

అన్నంతో ఏ గొడవా లేదు. దాని పక్కన పెట్టేవాటిలో చాలావరకు సోయా సాస్ పడుతుంది. దాన్ని సోయా గింజలతో పాటు గోధుమలు కలిపి పులియబెడతారు. కాల్చిన చేప మీద, ఉడికించిన కూరలో, సెంబె అనే బియ్యపు కరకర బిళ్లల మీద, ఆఖరికి మన ఉండ్రాళ్లలా కనిపించే దాంగో మీద పోసే తియ్యటి పాకంలోనూ అదే. 'కర్రీ రైస్' బోర్డు చూసి మనవాళ్లు ఆనందంగా లోపలికి వెళ్తారు. ఆ కూర చిక్కదనమంతా మైదాదే.

నన్ను ఎక్కువ ఏడిపించింది మాత్రం సాస్ కాదు, మంచినీళ్ల బదులు ఇచ్చిన టీ. మేము దిగింది ఎండాకాలంలో. ఎక్కడ కూర్చున్నా అడక్కుండానే చల్లటి గోధుమరంగు టీ పోసేవాళ్లు. నాలుగు రోజులు గ్లాసులకొద్దీ తాగాను, ఐదో రోజు మంచం దిగలేదు. అది ముగిచా, అంటే వేయించిన బార్లీ కాచిన నీళ్లు. వాళ్ల భాషలో గోధుమ కొముగి, బార్లీ ఓముగి. రెండింటి చివరా ఉండే 'ముగి' అక్షరం ఒకటే. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించిన బార్లీని, వాళ్ల లిపిలో రాసినా అదే కనిపిస్తుంది. ఆ అక్షరం బొమ్మ ఫోన్‌లో పెట్టుకో. ప్యాకెట్లలో గోధుమ ఉంటే రాసి తీరాలని అక్కడ చట్టం, బార్లీకి ఆ నిర్బంధం లేదు. అందుకని అలర్జీల గడి ఒక్కటే చూసి వదిలెయ్యకు, పదార్థాల పట్టీ మొత్తం చదువు.

సోబా అనే నూడుల్స్ పేరులోనూ ఆ అక్షరమే ఉంటుంది కానీ అది వేరే గింజ, దాంతో మనకి ఇబ్బంది లేదు. అయినా చాలా చోట్ల గోధుమపిండి కలుపుతారు. కలపనిదాన్ని జువారి అంటారు. అదీ మిగతా నూడుల్స్ ఉడికిన నీళ్లలోనే ఉడికితే ఏం లాభం? నేను మానేశాను.

హోటల్లో సీలియాక్ అని చెప్పి లాభం లేదు, చాలామందికి ఆ జబ్బే తెలీదు. "కొముగి అరెరుగీ గా అరిమసు" అను, గోధుమ అలర్జీ అని వెంటనే అర్థమవుతుంది. కానీ వంటాయనకి సోయా సాస్‌లో గోధుమ ఉందన్న సంగతి ఒక్కోసారి గుర్తుకు రాదు. అందుకని సోయా సాస్, బార్లీ, మాల్ట్, మిసో (సోయా గింజలు పులియబెట్టి చేసే ముద్ద) అని విడివిడిగా జపనీస్‌లో రాసిన కార్డు చూపించు. పుల్లలకి గుచ్చి కాల్చే చికెన్ 'షియో', అంటే ఉప్పుతో, అడగొచ్చు. కాల్చే జల్లెడ మీద అంతకుముందు ఏ సాస్ కారిందో ఒకసారి చూసుకో.

విమానంలో గ్లూటెన్ లేని భోజనం రెండు రోజుల ముందే చెప్పుకో, ఎందుకైనా మంచిది బ్యాగులో అరటిపళ్లు ఉంచుకో. దిగేముందు మాత్రం తినెయ్యి, పళ్లు లోపలికి రానివ్వరు. మాంసం పచ్చళ్లు కూడా అంతే.

వంటగది ఉన్న గది తీసుకోమని ఆఫీసుని గట్టిగా అడుగు. బియ్యం అక్కడే కొను. సోనా మసూరిలా పొడిపొడిగా రాదు, నీళ్లు తగ్గించి పోసుకో. ఇక్కడి కుక్కర్ మోసుకెళ్లకు, అక్కడ కరెంటు 100 వోల్టులే, అన్నం ఉడకదు. గుడ్లు, టోఫు, కాల్చిన చిలగడదుంపలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆకలికి ఆగుతాయి.

కందిపొడి తప్పకుండా పట్టుకెళ్లు, అయితే ఇంగువ లేకుండా చేసింది. బజారు ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలిపి ఉంటుంది. మరలో ఆడించిన పిండీ వద్దు, మనకంటే ముందు ఎవరి గోధుమలు ఆడాయో ఎవరికి తెలుసు?

కార్డు మీద రాయాల్సిన మాటలు నా పాత డైరీలో ఉన్నాయి, ఫోటో తీసి పంపిస్తాను. పొడి నేనే కొడతాను. మీ అమ్మని మాత్రం ముట్టుకోనివ్వకు, ఆవిడ చెయ్యి ఇంగువ డబ్బా మీదకి దానంతట అదే పోతుంది.

పెద్దమ్మ