మాంత్రికుడు కదిలాడా, కదిలిందా?

సందేహం: మా మిత్రులం కొందరం హైదరాబాదులో, కొందరం అమెరికాలో ఉంటూ వారాంతాల్లో ఆన్‌లైన్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం. ఒక్కొక్కరం ఒక్కో పాత్ర వేసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది. బల్ల మీద నిలబెట్టే చిన్న బొమ్మలకు బదులు తెర మీద గుండ్రటి టోకెన్లు వాడతాం. వాటిని తయారుచేసే పని నాది. కొత్తగా చేరేవాళ్ళ కోసం ఆ పద్ధతిని తెలుగులో రాస్తూ ‘డిజిటల్ సూక్ష్మ చిహ్నం’ అంటే ఎవరికీ అర్థం కాలేదు. మరేమనాలి? ఆటలో మాంత్రికుడి టోకెన్ జరిగినప్పుడు ‘మాంత్రికుడు కదిలాడు’ అనాలా, ‘కదిలింది’ అనాలా? మావాళ్ళు రెండూ అంటున్నారు. ‘టోకెన్‌ను కదలండి’ అనే వాక్యం సరైనదేనా? టోకెన్లు, టోకెన్స్ – వీటిలో ఏది రాయాలి?

సమాధానం: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అన్నిటికన్నా లోతైనది అదే.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం ప్రకారం స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు – ఈ మూడూ కానివి మహత్తులు, మిగతావి అమహత్తులు. మాంత్రికుడు మహత్తు కాబట్టి ‘కదిలాడు’. టోకెన్ జడం, అమహత్తు కాబట్టి ‘కదిలింది’. ‘మాంత్రికుడి టోకెన్ కదిలింది’ అని పూర్తిగా అంటే ఏ చిక్కూ లేదు, కర్త టోకెనే. కానీ ఆటలో మునిగినవాళ్ళు అంత పొడుగు మాట అనరు. ‘మాంత్రికుడు’ అని ఊరుకుంటారు. అప్పుడు ఆ పేరు మనిషిదా, వస్తువుదా అన్నది పైకి కనిపించదు. క్రియే చెప్పాలి.

ఇలాంటి సందర్భం తెలుగుకు కొత్తేమీ కాదు. పేకాటలో ‘ఇస్పేటు రాజు పడింది’ అంటాం. ‘పడ్డాడు’ అనం. రాజు మహత్తే, కానీ చేతికి వచ్చింది ముక్క. చదరంగంలో ‘మంత్రి పోయింది’ అని నొచ్చుకున్న ఆటగాడే, మరో రెండు ఎత్తులయ్యాక ‘రాజు ఎటూ కదల్లేడు’ అంటాడు. పోగొట్టుకున్నప్పుడు అది వస్తువు. నాలుగు వైపులా చుట్టుముట్టినప్పుడు ఆ రాజు మనిషైపోతాడు.

తోలుబొమ్మలాటలో ఈ తేడా ఇంకా చక్కగా కనిపిస్తుంది. మేకతోలును వెలుతురు ప్రసరించేంత పలచగా చేసి, రంగులు వేసి, కాళ్ళూ చేతులూ విడివిడిగా కత్తిరించి దారంతో కలుపుతారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ పని నేటికీ సాగుతోంది. తెర వెనక ‘రావణుడి చెయ్యి ఊడింది, కట్టాలి’ అనుకునే మనిషి, తెర మీదికి తెచ్చిన క్షణం నుంచి ‘రావణుడు వచ్చాడు’ అంటాడు. తోలు అదే, వ్యాకరణం మారింది. ఏ పండితుడూ ఆయనకు ఈ సూత్రం నేర్పలేదు. మీ మిత్రులకూ నేర్పనక్కర్లేదు.

కాబట్టి వాళ్ళు అంటున్న రెండూ సరైనవే, చోటు చూసుకోవాలి. మీరు గీస్తున్నప్పుడు, కొలుస్తున్నప్పుడు, తెర మీద పట్టుకు లాగుతున్నప్పుడు అది వస్తువు. కథలో అడుగు వేసినప్పుడు, మంత్రం చదివినప్పుడు వ్యక్తి. ‘మాంత్రికుడు గోడ మీదికి ఎక్కిపోయింది, కాస్త ఇవతలికి లాగు’ అన్నది తప్పు తెలుగేమీ కాదు. మౌసు జారి టోకెన్ గోడ గీత మీద పడిందని అందరికీ తెలుస్తుంది. అదే ‘మాంత్రికుడు గోడ మీదికి ఎక్కాడు’ అంటే కథ నడిపించేవారు వెంటనే పాచిక వేయమంటారు. ఒక్క ప్రత్యయం తేడాతో పొరపాటున జరిగిందీ, కావాలని చేసిందీ విడిపోతున్నాయి. ఆటలో ఇది చాలా ఉపయోగపడే తేడా. దీన్ని చెరిపేసి అంతటా ఒకే రూపం రుద్దవద్దు.

స్త్రీ పాత్రల దగ్గర ఏకవచనంలో ఈ సౌకర్యం ఉండదు. ‘మంత్రగత్తె కదిలింది’ అంటే మనిషా, టోకెనా తెలియదు. బహువచనంలో మళ్ళీ తేలిపోతుంది: ‘మంత్రగత్తెలు కదిలారు’, ‘టోకెన్లు కదిలాయి’. ఏకవచనంలో అనుమానం వచ్చేచోట ‘మంత్రగత్తె టోకెన్’ అని పూర్తిగా చెప్పడమే దారి.

మీరు అడగలేదు గానీ, మీ ఆటలో ఎదురయ్యే గోబ్లిన్లనే పొట్టి దుష్టజీవుల సంగతీ చెప్పాలి. ‘వచ్చారు’ అనాలా, ‘వచ్చాయి’ అనాలా? మన కథల్లో రాక్షసులు వస్తారు, దయ్యాలు వస్తాయి. దయ్యం ఒకప్పుడు మనిషే అయినా భాష దాన్ని అమహత్తుల్లో వేసింది. రాక్షసుడు మనిషిని తినేవాడైనా మహత్తుగానే ఉన్నాడు. పేరున్నవాడు, బేరమాడేవాడు, మోసం చేయగలవాడు అయితే గోబ్లిన్‌ను రాక్షసుల పంక్తిలో కూర్చోబెట్టండి. పేరూ మాటా లేకుండా గుంపుగా మీద పడేవైతే ‘వచ్చాయి’ చాలు. ఇది నా అభిప్రాయం మాత్రమే, సూత్రం అనుకోకండి.

ఇక పేరు. ‘సూక్ష్మ’ అనగానే తెలుగువాడికి సూక్ష్మజీవి, సూక్ష్మదర్శిని గుర్తొస్తాయి, అంటే కంటికి ఆననిది. మీ టోకెన్ కంటికి ఆనాలనే కదా ఇంత శ్రమ! బల్ల మీది బొమ్మలను ఇంగ్లిషులో మినియేచర్లు అంటారు, మీ ‘సూక్ష్మ’ దాని అనువాదమే. నిజానికి మినియేచర్ అనే మాటకు మొదట్లో చిన్నతనంతో సంబంధమే లేదు. లాటిన్‌లో మినియం అంటే సీసపు సిందూరం, ఆంజనేయస్వామికి పూసే నారింజ ఛాయ సిందూరం లాంటిది. ఐరోపాలో చేతిరాత పుస్తకాల్లో ఆ రంగుతో అక్షరాలకు హంగులు దిద్దే పని పేరు క్రమంగా ఆ పుస్తకాల్లోని బొమ్మలకు వచ్చింది. ఆ బొమ్మలు చిన్నవి కావడంతో, చిన్నదనే అర్థమున్న మరో లాటిన్ మాటతో పోలిక కలిసి, మినియేచర్ అంటే బుల్లిది అనే అర్థం స్థిరపడింది. సైనికుల చిన్న చిన్న లోహపు బొమ్మలతో ఆడే యుద్ధపుటాటల నుంచి గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను తీసుకొచ్చేసరికి ఆ మాటకు ఉన్నది ఈ అర్థమే. అందుచేత ‘సూక్ష్మ’ను మోయాల్సిన బాధ్యత మీకు లేదు.

పాత మాటల్లో సారె ఉంది. జూదపు కాయను సంస్కృతంలో శారి అంటారు, అమరకోశంలో ఆ పలకకు శారిఫలం అనే పేరుంది. దాని నుంచి వచ్చిన సారె ఇవాళ అంటే ఆడపిల్లకు పెట్టే చీరెసారె తప్ప మరేదీ తట్టదు. పావు బాగుంటుంది గానీ, పత్రికల్లో రాజకీయ నాయకులు పావులు కదిపీ కదిపీ ఆ మాటకు ఎత్తుగడ వాసన అంటుకుంది. పచ్చీసు, అష్టాచెమ్మాల్లో కాయ చక్కటి మాట. కాయ చస్తుంది, పండుతుంది కూడా. కానీ అక్కడ ఒకరి కాయలన్నీ ఒక్కటే, మొహాలు ఉండవు. మీ టోకెన్‌కు మొహమే ప్రాణం.

నాకు నచ్చేది బిళ్ళ. గుండ్రంగా, పలచగా ఉండేది బిళ్ళ. హోదాకు గుర్తుగా ఇత్తడి బిళ్ళ తగిలించుకునేవాడు బిళ్ళ బంట్రోతు. అంటే ఆకారం, గుర్తు అనే రెండర్థాలూ ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. పైగా తొక్కుడుబిళ్ళలో బిళ్ళ పడేది గడిలోనే, మీ తెర మీద ఉన్నవీ గళ్ళే. బొమ్మ ఉన్న బిళ్ళ కాబట్టి ‘బొమ్మబిళ్ళ’ అనవచ్చు. అలాగని టోకెన్‌ను తరిమేయాలని నేను అనను. ఆడేవాళ్ళ నోట నలిగిన మాట అది. కాకపోతే కొత్తవారికి టోకెన్ అంటే ఆసుపత్రిలో వరుస సంఖ్య, తిరుమలలో దర్శనం చీటీ. మొదటిసారి ‘టోకెన్, అంటే బొమ్మబిళ్ళ’ అని ఒక్కమాట రాసి, ఆ తర్వాత ఏది వాడినా ఇబ్బంది లేదు.

మీరు పంపిన సూచనల్లో ఒక పేరా ఇలా ఉంది: ‘చిత్రం యొక్క వృత్తాకార పంట చేయబడాలి. పారదర్శక నేపథ్యం కలిగి ఉండాలి. పెద్ద జీవి యొక్క చిహ్నం నాలుగు చతురస్రాలను ఆక్రమిస్తుంది.’ ‘పంట’ ఇక్కడికి ఎలా వచ్చిందో ఊహించగలను. కత్తిరింపుకూ పైరుకూ ఇంగ్లిషులో ఒకే మాట, క్రాప్. అనువాదం చేసిన యంత్రం పైరును ఎంచుకుంది. దాన్ని నేనైతే ఇలా రాస్తాను:

‘బొమ్మను గుండ్రంగా కత్తిరించండి. ముఖం సరిగ్గా మధ్యకు రావాలి. వెనక ఉన్న రంగంతా తీసేసి ఖాళీగా వదలండి. చుట్టూ అంచు వేయండి: మనవాళ్ళకు ఆకుపచ్చ, శత్రువులకు ఎరుపు. పీఎన్‌జీగా సేవ్ చేయండి. జేపీజీలో అయితే ఖాళీ నిలవదు, బిళ్ళ చుట్టూ తెల్లటి చదరం కనిపిస్తుంది. మామూలు మనిషికి ఒక గడి చాలు, ఆట లెక్కలో గడి అంటే ఐదడుగులు. పెద్ద జంతువుకు అడ్డంగా రెండు, నిలువుగా రెండు, మొత్తం నాలుగు గళ్ళు. ఆన్‌లైన్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్లలో రోల్20లో గడి మామూలుగా 70 పిక్సెళ్ళు, ఫౌండ్రీలో 100. దగ్గరికి తెచ్చి చూసినప్పుడు మసకబారకుండా బొమ్మను అంతకు మూడు నాలుగు రెట్లు పెద్దగా చేసుకోండి.’

చూడండి, ‘యొక్క’ ఎక్కడా అవసరం పడలేదు. అంచు, గడి, అడ్డం, నిలువు – ఇవన్నీ మనం ఇంట్లో వాడే మాటలే. ‘పారదర్శకం’ తప్పు కాదు గానీ, ఇక్కడ చేయాల్సిన పని వెనక ఏమీ లేకుండా చూడటం. ‘ఖాళీ’ అంటే చెయ్యి వెంటనే ఆ పనికి వెళుతుంది.

‘టోకెన్‌ను కదలండి’ మాత్రం తప్పే. కదులు అకర్మకం, కదుపు సకర్మకం. జరుగు – జరుపు, తిరుగు – తిప్పు, చచ్చు – చంపు, అన్నీ ఇలాంటి జంటలే. తానే కదిలితే కదిలింది, ఒకరు చేసేదైతే కదిపారు. ‘కదలండి’ అంటే ఆటగాడినే కుర్చీలోంచి లేచి బయలుదేరమన్నట్టు. ‘టోకెన్‌ను కదపండి’ లేదా ‘జరపండి’ అని రాయండి. మౌసుతో పట్టుకుని తీసుకెళ్ళేదానికి ‘లాగండి’ ఇంకా నప్పుతుంది.

బిళ్ళల కింద పేర్లు రాసేటప్పుడు ‘మాంత్రికుడు టోకెన్’ అని కాకుండా ‘మాంత్రికుడి టోకెన్’ అని రాయండి. ‘డు’తో ముగిసే పేర్లకు షష్ఠిలో ‘డి’ రావాలి: దొంగనాయకుడి బిళ్ళ, పూజారి బిళ్ళ, రాక్షసుల బిళ్ళలు. పూజారిలో మార్పు లేదు, ఇకారాంతం కాబట్టి. బహువచనంలో టోకెన్లు రాయండి. టోకెన్స్ మాటల్లో దొర్లితే దొర్లనివ్వండి. ‘టోకెన్సులు’ మాత్రం వద్దు, అందులో బహువచనం రెండుసార్లు పడింది.